ఇంటికీ రింగుకూ సరిపోయే కుక్క జాతిని ఎంచుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంట్లో పిల్లలతో కలిసి పెరగాలి, వీలైతే డాగ్ షోలో కూడా నిలబెట్టాలి అన్న కోరికతో కుక్కపిల్ల కోసం వెతికేవారు ప్రతి చలికాలమూ ఎదురవుతుంటారు. వారు అడిగే ప్రశ్నలు చాలావరకు ఒకటే. హైదరాబాదులో లాబ్రడార్లను, మధ్యలో ఒక బీగిల్‌ను ఇంట్లోనే పెంచుకుంటూ, సీజన్లో వాటిని షోలకు తీసుకెళ్లిన అనుభవంతో ఈ జవాబులు రాస్తున్నాను.

ఒకే కుక్క ఇంటి కుక్కగానూ, షో కుక్కగానూ ఉండగలదా?

ఉండగలదు. మన దేశంలో కుక్కలను జాతివారీగా నమోదు చేసే కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా షోలలో విదేశీ జాతులకు కెన్నెల్ క్లబ్‌ల అంతర్జాతీయ సమాఖ్య ఎఫ్‌సీఐ ప్రమాణాలే, అంటే ఒక్కో జాతి ఎలా ఉండాలో చెప్పే వర్ణనలే ఆధారం. ఆ ప్రమాణాల చివర, అనర్హత కలిగించే దోషాల జాబితాలో, ఏ జాతి విషయంలోనైనా ముందుగా కనిపించేది ఒకటే: మనుషుల మీదికి దూకే కుక్కకూ, మితిమీరి బెదిరే కుక్కకూ రింగులో, అంటే జడ్జి కుక్కలను పరీక్షించే బరిలో, స్థానం లేదు. రింగులో జరిగేది చూస్తే దీనికి కారణం తెలుస్తుంది. ముక్కూ మొహం తెలియని మనిషి ఎదురుగా వచ్చి, పెదవి పైకెత్తి పళ్ళు చూసి, తల నుంచి తోకదాకా చేత్తో తడిమి, మగకుక్క అయితే వృషణాలు రెండూ కిందికి దిగాయో లేదో చూస్తాడు. అంతసేపూ కదలకుండా, తోక ఆడిస్తూ నిలబడగలిగిన కుక్క, ఇంటికొచ్చిన చుట్టాల పిల్లవాడు చెవి పట్టుకు లాగినప్పుడు కూడా తొందరపడదు. కాబట్టి స్వభావం దగ్గర ఇంటికీ రింగుకూ పేచీ లేదు. పేచీ వచ్చేది బొచ్చు దగ్గర, ఎండ దగ్గర, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ దగ్గర, మన తీరిక దగ్గర.

ముందు ఇంటిని చూసుకోవాలా, షోలో గెలుపును చూసుకోవాలా?

ఇంటినే చూసుకోవాలి. ఈ విషయంలో నాకు రెండో మాట లేదు. షోలో ఒక కుక్క జడ్జి ముందు నిలబడేది కొద్ది నిమిషాలు, అదీ ఏడాదిలో కొన్ని ఆదివారాలు. మిగిలిన పదేళ్లూ, పన్నెండేళ్లూ అది మీ హాల్లో, మీ బాల్కనీలో, మీ అమ్మగారి మంచం పక్కన ఉంటుంది. పగటిపూట ఇంట్లో ఎవరుంటారు, తెల్లవారుజామున ఐదున్నరకు నడకకు ఎవరు తీసుకెళ్తారు, కీళ్లనొప్పులున్న పెద్దవారు ఉంటే ముప్పై కిలోల కుక్క ఒక్కసారిగా ముందుకు ఉరికితే తాడు పట్టి ఆపగలరా, మే నెలలో ఆ ఊళ్లో ఎండ ఎంత ఉంటుంది అన్న ప్రశ్నలకు నిజాయితీగా జవాబు చెప్పుకున్నాక మిగిలే జాతులు మూడో నాలుగో ఉంటాయి. వాటిలో నుంచి షోకు పనికొచ్చేదాన్ని ఎంచుకోవాలి. ఈ వరుసను తిప్పి, షోలో కప్పు గెలిచిన కుక్క ఫొటో చూసి జాతిని ఎంచుకున్నవారిలో చాలామంది ఏడాదిలోపే ఆ కుక్కను ఎవరికైనా ఇచ్చేయడానికి మనిషిని వెతుక్కోవడం చూశాను.

మొదటిసారి పెంచేవారికి మీరు ఏ జాతిని చెబుతారు?

ఇండిపెండెంట్ ఇల్లు గానీ, దగ్గరలో నడిచే చోటున్న ఫ్లాటు గానీ ఉండి, పిల్లలు కాస్త పెద్దవారైతే లాబ్రడార్ రిట్రీవర్ అంటాను. పొట్టి బొచ్చు, మనుషులంటే ప్రాణం, తిండి కోసం ఏదైనా నేర్చుకునే గుణం. షోకు తయారుచేయడానికి కత్తెర అవసరం దాదాపు ఉండదు. స్నానం, బ్రష్, గోళ్లు చూసుకుంటే చాలు. బొచ్చు మాత్రం ఏడాది పొడవునా రాలుతుందని ముందే తెలుసుకోవాలి.

అయితే లాబ్రడార్ కొనేటప్పుడే మనవాళ్లు ఎక్కువగా మోసపోతారు. అమ్మేవారు ‘హెవీ బోన్’ (లావైన ఎముకలు), ‘పంచ్ ఫేస్’ (గుద్దినట్టు పొట్టిగా, వెడల్పుగా ఉండే మొహం) అనే రెండు మాటలు చెప్పి ధర పెంచుతారు. ప్రమాణంలో ఈ మాటలేవీ లేవు. ఉన్నది దానికి దాదాపు వ్యతిరేకం: లాబ్రడార్ దృఢంగా ఉండాలి, చాలా చురుగ్గా ఉండాలి, అధిక బరువుకూ అధిక స్థూలత్వానికీ చోటు ఉండకూడదు అని. మూపు దగ్గర ఎత్తు మగకుక్కకు 56 నుంచి 57 సెంటీమీటర్లు, ఆడకుక్కకు 54 నుంచి 56. రంగులు మూడే: నలుపు, పసుపు, చాక్లెట్. పసుపులో లేత మీగడ రంగు నుంచి నక్క ఎరుపు దాకా అన్నీ ఇముడుతాయి. జడ్జి చూసేవి వెడల్పైన తల, నీళ్లను తట్టుకునే ఒత్తైన బొచ్చు, మొదట్లో లావుగా ఉండి చివరికి సన్నబడే నీటిపిల్లి తోక, తేలికైన నడక.

తిండి సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 2016లో కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు లాబ్రడార్లలో పీఓఎంసీ అనే జన్యువులో ఒక లోపాన్ని గుర్తించారు. వారు పరీక్షించిన వాటిలో దాదాపు నాలుగోవంతు కుక్కలలో అది ఉంది, ఆ లోపమున్న కుక్కలు బరువూ ఎక్కువ, తిండి మీద యావా ఎక్కువ. కాబట్టి గిన్నె ఖాళీ చేసి మీ మొహంలోకి చూస్తున్న లాబ్రడార్‌కు ఇంకా ఆకలిగా ఉందని అనుకోనక్కర్లేదు. అమ్మమ్మ ఒక చెయ్యి, మనవడు ఒక చెయ్యి పెరుగన్నం పెడుతూ పోతే రింగుకే కాదు, తుంటి కీళ్లకు కూడా అది పనికిరాకుండా పోతుంది.

గోల్డెన్ రిట్రీవర్, జర్మన్ షెపర్డ్ మాటేమిటి?

గోల్డెన్ స్వభావంలో లాబ్రడార్‌కు తోబుట్టువు లాంటిది, పిల్లల దగ్గర ఇంకా మెత్తన. కానీ ఆ పొడుగు బొచ్చును షోకు తగ్గట్టు ఉంచాలంటే వారానికి మూడు నాలుగు సార్లు దువ్వాలి, స్నానం తర్వాత లోపలి బొచ్చు పూర్తిగా ఆరబెట్టాలి. మన వానాకాలంలో తడి ఆరకపోతే చర్మం మీద పుండ్లు పడతాయి. విజయవాడ, రామగుండం వంటి ఊళ్లలో ఎండాకాలం పగలంతా చల్లని గది ఇవ్వలేనివారు దీని జోలికి పోకపోవడమే మేలు.

జర్మన్ షెపర్డ్ తెలివికి తిరుగులేదు, రింగులో దాని పరుగు చూసితీరాల్సిందే. అది పని కోరుకునే కుక్క. రోజుకు రెండుపూటలా వ్యాయామం, శిక్షణ లేకపోతే ఇంట్లో పిల్లలనే గొర్రెల్లా తోలడం మొదలుపెడుతుంది. రెండో కుక్కగా అయితే సరే గాని, మొదటి కుక్కగా చెప్పను.

మాది అపార్ట్‌మెంటు. చిన్న జాతుల్లో ఏది మంచిది?

బీగిల్ పేరు ముందు చెబుతాను, దానితో వచ్చే చిక్కు కూడా చెబుతాను. ఎత్తు 33 నుంచి 40 సెంటీమీటర్లు, ఆరోగ్యం గట్టిది, పిల్లలతో అలుపు లేకుండా ఆడుతుంది, షోకు ముస్తాబు చాలా తక్కువ. తోక కొస తెల్లగా ఉండాలన్నది దీని ప్రమాణంలో ఉన్న ముచ్చటైన షరతు. గుంపుగా కుందేళ్లను వేటాడటానికి పుట్టిన కుక్క కాబట్టి ఒంటరిగా ఉంచితే గొంతెత్తి ఊళపెడుతుంది, ఆ గొంతు నాలుగో అంతస్తు నుంచి సెల్లారు దాకా వినిపిస్తుంది. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకు పోయి ఇల్లు పది గంటలు తాళం వేసి ఉండే కుటుంబానికి బీగిల్ వద్దు. పెంపుడు జంతువులను నిషేధించే అధికారం గానీ, వాటిని లిఫ్టు ఎక్కనివ్వకపోయే అధికారం గానీ అపార్ట్‌మెంటు సంఘాలకు లేదని భారత జంతు సంక్షేమ మండలి 2015 మార్గదర్శకాలు చెబుతున్నాయి. అయినా పక్కింటివారి నిద్ర గురించి ఆలోచించవలసింది మనమే.

డాక్స్‌హండ్ కూడా మంచిదే. అందులో పొట్టి బొచ్చు, పొడుగు బొచ్చు, ముళ్ల బొచ్చు అని మూడు రకాలు ఉన్నాయి, పరిమాణాన్ని ఎత్తుతో కాక ఛాతీ చుట్టుకొలతతో నిర్ణయిస్తారు. పొడవైన వెన్ను దాని బలహీనత. సోఫా మీది నుంచి దూకనివ్వకూడదు, మెట్లు ఎక్కించకుండా ఎత్తుకెళ్లాలి, ఎత్తేటప్పుడు ఒక చెయ్యి ఛాతీ కింద, ఇంకో చెయ్యి వెనకభాగం కింద పెట్టాలని పిల్లలకు నేర్పాలి.

పగ్‌ను ఎంతో మంది అడుగుతారు. స్వభావం బంగారం. కానీ అణిగిపోయిన ముక్కుతో ఊపిరి తీసుకోవడమే కష్టం, మన ఎండల్లో ఆ కష్టం ప్రాణం మీదికి తెస్తుంది. నిద్రలో గురక, నాలుగడుగులు వేయగానే రొప్పు చూసి ముద్దొస్తోందని నవ్వుకుంటాం గాని, ఆ కుక్కకు గాలి చాలడం లేదు. తల్లీతండ్రీ ముక్కు రంధ్రాలు తెరుచుకుని, పరుగెత్తాక త్వరగా కుదుటపడుతున్నాయని కళ్లారా చూస్తే తప్ప తెచ్చుకోవద్దు.

షిట్జు బొచ్చు నేలను తాకేలా పెంచాలంటే ఎంత పని?

దగ్గరుండి చూసిన ఒక ఇంటి సంగతి చెబుతాను. ఆ ఇల్లాలు ప్రతిరాత్రీ భోజనాలయ్యాక టేబుల్ మీద తువ్వాలు పరిచి కుక్కను పక్కకు పడుకోబెట్టేవారు. పొట్ట దగ్గర నుంచి మొదలుపెట్టి, ఒక్కో పొరను పాపిట తీసినట్టు తీసి, నీళ్లలో కొంచెం కండిషనర్ కలిపి చల్లి, మొదళ్ల నుంచి కొసలదాకా పిన్ బ్రష్‌తో దువ్వి, చెవుల వెనకా చంకల్లోనూ కట్టిన చిక్కులను వేళ్లతో విడదీసేవారు. నెత్తి మీది వెంట్రుకలకు పిలక కట్టి, మిగతా బొచ్చును పాయలుగా కాగితంలో చుట్టి రబ్బరు బ్యాండ్లు వేసేవారు. దీనికి ముప్పావుగంట పట్టేది. ఒక్కరోజు మానితే మర్నాడు రెట్టింపు. ఆ బొచ్చుతో కుక్క ఇసుకలో దొర్లకూడదు, వానలో నడవకూడదు, పిల్లలు దాని మీద పడి ఆడకూడదు. షో బొచ్చు కావాలా, పిల్లలతో ఆట కావాలా అన్నది షిట్జు విషయంలో నిజంగానే తేల్చుకోవలసిన ప్రశ్న. కొందరు రెండేళ్లు షోలు తిప్పి, ఆపైన బొచ్చు పొట్టిగా కత్తిరించేసి ఇంటి కుక్కగా ఉంచుకుంటారు. ఆ పద్ధతి నాకు నచ్చుతుంది.

రాట్‌వైలర్, డాబర్‌మన్ తెచ్చుకోవచ్చా?

చిన్నపిల్లలున్న ఇంటికి, మొదటిసారి పెంచేవారికి వద్దు. అనుభవం, శిక్షణకు సమయం, గట్టి కాంపౌండు ఉన్నవారి మాట వేరు. 2024 మార్చిలో కేంద్ర పశుసంవర్ధక శాఖ రాట్‌వైలర్‌తో కలిపి 23 జాతుల మీద నిషేధం కోరుతూ రాష్ట్రాలకు సర్క్యులర్ పంపింది, ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు దాన్ని కొట్టివేసింది. కొనేముందు మీ నగరపాలక సంస్థలో అప్పటి నిబంధన ఏమిటో విచారించుకోవాలి. ఇంకో మాట. చెవులు కోసి నిలబెడితేనే, తోక కత్తిరిస్తేనే షోలో నెగ్గుతుందని చెప్పేవారి మాట వినకండి. ఈ రెండు జాతులకూ ఎఫ్‌సీఐ ప్రమాణం ఇప్పుడు సహజమైన తోకనే వర్ణిస్తోంది.

మన దేశవాళీ జాతులను షోలో చూపించవచ్చా?

చూపించవచ్చు, చూపించాలని నా కోరిక కూడా. ఉత్తర కర్ణాటకలోని ముధోల్ ప్రాంతపు వేటకుక్కను కెన్నెల్ క్లబ్ ‘కారవాన్ హౌండ్’ పేరుతో నమోదు చేస్తుంది. తమిళనాడు రాజపాళయం, చిప్పిపారై కూడా రింగులో కనిపిస్తాయి. 2005లో తపాలా శాఖ విడుదల చేసిన నాలుగు కుక్కల బిళ్లల మీద ముధోల్, రాజపాళయం రెండూ ఉన్నాయి. మన ఎండను తట్టుకుంటాయి, పొట్టి బొచ్చు, మితమైన తిండి. అయితే ఇవి ఇంటివారితో మెలిగినట్టు కొత్తవారితో మెలగవు. చెయ్యి పడగానే ముడుచుకుపోతాయి. రింగులో జడ్జి తాకితే నిలబడాలంటే రెండో నెల నుంచే రోజుకొకరి చేత తాకించి అలవాటు చేయాలి. కదిలేది ఏది కనిపించినా వెంటాడతాయి కాబట్టి తాడు లేకుండా వదలకూడదు. రాజపాళయం పిల్లల్లో కొన్నింటికి పుట్టు చెవుడు ఉంటుంది. కొనేముందు వెనకనుంచి చప్పట్లు కొట్టి చూసుకోవాలి.

మన ఆంధ్ర కుక్క జొనంగి గురించి ఎవరూ అడగరు, నేనే చెబుతాను. కొల్లేరు చుట్టుపక్కల, గోదావరి, కృష్ణా ప్రాంతాల్లో బాతులు మేపేవారి వెంట తిరిగిన ఈ కుక్క, మామూలుగా మొరగడానికి బదులు వింత రాగం తీస్తుంది, ముందుకాళ్లతో గుంటలు తవ్వుకుని పడుకుంటుంది. ఒకే మనిషిని అంటిపెట్టుకుని ఉంటుంది. పొలమూ పెరడూ ఉన్న ఇంటికి దీనంతటి కుక్క లేదు. షో ఉద్దేశంతో తెచ్చుకునేవారు ముందు ఆ షో నిర్వాహకులను నమోదు సంగతి అడగాలి.

పిల్లను ఎవరి దగ్గర కొనాలి? ‘పేపర్లు’ అంటే ఏమిటి?

పేపర్లంటే కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా ఇచ్చే నమోదు పత్రం. అందులో పిల్ల పేరు, పుట్టిన తేదీ, మైక్రోచిప్ సంఖ్య, తల్లిదండ్రులూ వారి పూర్వులూ ఉంటాయి. అది లేకుండా ఎంత అందమైన కుక్కయినా షోలో తన జాతి వరుసలో నిలబడి టైటిల్ వైపు సాగలేదు. నా మొదటి లాబ్రడార్‌ను కొన్నప్పుడు అమ్మినాయన, “పేపర్లు నెలలో పోస్టులో వస్తాయి, మీరు దిగులుపడకండి సార్” అన్నాడు. ఆ నెల ఇప్పటికీ రాలేదు. ఆ కుక్క పదమూడేళ్లు మా ఇంటి దీపంలా బతికింది గాని, రింగు బయట తాడు కట్టి కూర్చోబెట్టడం తప్ప లోపలికి తీసుకెళ్లలేకపోయాను. అందుకే చెబుతున్నాను: ఆ ఈతలోని, అంటే ఆ కాన్పులో పుట్టిన పిల్లల నమోదు జరిగిందా లేదా కళ్లతో చూడండి, యాజమాన్య బదిలీ దరఖాస్తు మీద సంతకం పెట్టించుకున్నాకే పూర్తి డబ్బు ఇవ్వండి, చిప్ రీడర్‌తో పిల్ల మెడ మీద చూపించమని అడగండి.

2017 నాటి కుక్కల పెంపకం, అమ్మకం నిబంధనల ప్రకారం బ్రీడరు (కుక్కలను ఈనించి పిల్లలను అమ్మేవారు) రాష్ట్ర జంతు సంక్షేమ మండలి దగ్గర నమోదై ఉండాలి, ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. ముప్పై రోజుల పిల్లను అట్టపెట్టెలో పెట్టి బస్టాండులో చేతికిచ్చేవారి దగ్గర కొనవద్దు. తల్లిని చూపించనివారి దగ్గర కూడా కొనవద్దు. తల్లి మిమ్మల్ని చూసి దగ్గరకు వస్తుందా, మూలకు పోయి ముడుచుకుంటుందా అన్నది జాతి పేరుకన్నా ఎక్కువ చెబుతుంది.

రెండు నెలల పిల్లను చూసి ‘షో క్వాలిటీ’ అని చెప్పగలరా?

ఆశ పెట్టుకోవచ్చు, హామీ ఇవ్వలేరు. పాలపళ్లు సరిగ్గా కత్తెరలా కలిసినా, నాలుగు నుంచి ఆరు నెలల మధ్య అసలు పళ్లు వచ్చేటప్పుడు దవడ మారవచ్చు. మగపిల్లకు వృషణాలు ఆలస్యంగా దిగవచ్చు, అసలు దిగకపోవచ్చు. ఎత్తు ప్రమాణాన్ని దాటిపోవచ్చు. అందువల్ల షో క్వాలిటీ పేరుతో రెట్టింపు ధర చెప్పినప్పుడు, పెద్దయ్యాక దోషం తేలితే ఏం చేస్తారో కాగితం మీద రాయించుకోవాలి. తొందర లేనివారికి నా సలహా ఆరేడు నెలల పిల్లను తీసుకోవడం. బ్రీడరు తన కోసం అట్టే పెట్టుకుని, తర్వాత చోటు చాలక ఇచ్చే పిల్లలు ఒక్కోసారి దొరుకుతాయి. అప్పటికి పళ్లు, నడక, స్వభావం చాలావరకు తేలిపోయి ఉంటాయి.

మగదా, ఆడదా? ఆపరేషన్ ఎప్పుడు?

ఆడకుక్క ఏడాదికి సుమారు రెండుసార్లు ఎదకు వస్తుంది, ఆ తర్వాత బొచ్చు రాల్చుకుంటుంది, అప్పుడు షోలకు కొన్నాళ్లు సెలవు. మగకుక్క బొచ్చు నిలకడగా ఉంటుంది, కానీ వీధిలో ఎదలో ఉన్న కుక్క ఉంటే తిండి మానేసి గేటు దగ్గరే కూర్చుంటుంది. వృషణాలు రెండూ ఉండాలన్నది ప్రమాణం కాబట్టి మగకుక్కకు షోలు ముగిశాకే ఆపరేషన్. అప్పటిదాకా అనుకోని ఈత రాకుండా చూసుకునే బాధ్యత ఇంటిదే.

ఆరోగ్యం విషయంలో బ్రీడరును ఏమని అడగాలి?

లాబ్రడార్, గోల్డెన్, జర్మన్ షెపర్డ్ అయితే తల్లిదండ్రుల తుంటి కీళ్ల ఎక్స్‌రే ఫలితం అడగండి. ఈ ఎక్స్‌రే ఏడాది నిండాకే తీస్తారు కాబట్టి పిల్లది కాదు, తల్లిదండ్రులది చూడాలి. డాబర్‌మన్ అయితే గుండె పరీక్ష. టీకాలు ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలవ్వాలి, నట్టల మందు తేదీలు రాసిన కార్డు ఉండాలి, మూడు నెలలు నిండాక రేబిస్ టీకా తప్పనిసరి. షోలకు తిరిగే కుక్కలకు ఇంకో బెడద పిడుదులు. వందల కుక్కలు కట్టేసిన మైదానం నుంచి ఇంటికొచ్చిన రాత్రి వేళ్ల సందులు, చెవి మడతలు, తోక కింద వెతకండి. ఆ తర్వాతి రెండు మూడు వారాల్లో తిండి మానేసి, చిగుళ్లు పాలిపోయి, జ్వరం వస్తే వెంటనే రక్తపరీక్ష చేయించాలి. పిడుదుల వల్ల వచ్చే ఈ టిక్ ఫీవర్ మన ప్రాంతంలో కుక్కలను ఎంత త్వరగా కుంగదీస్తుందో పెంచినవారందరికీ తెలుసు.

షో రోజున ఏం చేయాలి? హ్యాండ్లరు కావాలా?

వయసును బట్టి పప్పీ, జూనియర్ వంటి తరగతులు, భారతదేశంలో పుట్టిన వాటికి ప్రత్యేక తరగతి, ఓపెన్, ఛాంపియన్ తరగతులు ఉంటాయి. జడ్జి కుక్కను నిలబెట్టి చూస్తారు, బీగిల్, పగ్ వంటి చిన్న జాతులను టేబుల్ మీద చూస్తారు, తర్వాత ముక్కోణంలోనూ, తిన్నగా వెళ్లి రమ్మనీ పరుగెత్తిస్తారు. జాతిలో మొదటిది కొన్ని జాతులను కలిపిన గ్రూపు పోటీకి, గ్రూపులో మొదటిది బెస్ట్ ఇన్ షోకు వెళ్తుంది. ఛాంపియన్ కావాలంటే వేరువేరు జడ్జిల దగ్గర ఛాలెంజ్ సర్టిఫికెట్లు, అంటే టైటిల్‌కు లెక్కకొచ్చే యోగ్యతా పత్రాలు గెలవాలి.

డబ్బిచ్చి హ్యాండ్లరును, అంటే రింగులో కుక్కను నిలబెట్టి నడిపించే మనిషిని పెట్టుకోవచ్చు, కానీ కుక్కను నెలల తరబడి అతని కెన్నెల్లో వదిలేస్తే అది ఇంటి కుక్క కాకుండా పోతుంది. ఇంట్లో పదిహేనేళ్ల అమ్మాయో అబ్బాయో ఉంటే వారికి నేర్పండి. సాయంత్రం ఐదు నిమిషాలు నిలబడటం, ఐదు నిమిషాలు పళ్లు చూపించడం, పది నిమిషాలు వదులు తాడుతో పరుగు. అంతకుమించి సాధన చేస్తే పిల్ల విసుగు పడుతుంది.

మేము రెండు మూడేళ్లలో అమెరికా వెళ్లవచ్చు. కుక్కను తీసుకెళ్లగలమా?

తీసుకెళ్లవచ్చు, కానీ జాతిని ఎంచుకునే రోజే దీన్ని ఆలోచించాలి. ముక్కు అణిగిన జాతులను చాలా విమానయాన సంస్థలు కార్గోలో ఎక్కించుకోవు. 2024 ఆగస్టు నుంచి అమలైన అమెరికా నిబంధనల్లో భారత్ రేబిస్ ముప్పు ఎక్కువున్న దేశాల జాబితాలో ఉంది కాబట్టి, కుక్కకు ఆరు నెలలు నిండాలి, మైక్రోచిప్ ఉండాలి, చిప్ వేశాకే రేబిస్ టీకా వేసినట్టు రుజువు ఉండాలి. అక్కడ కూడా షోలకు తిప్పాలనుకుంటే కెన్నెల్ క్లబ్ నుంచి ఎగుమతి పెడిగ్రీ (విదేశానికి తీసుకెళ్లే కుక్కకు ఇచ్చే వంశావళి పత్రం) ముందే తీసుకోవాలి.

పిల్లను ఏ నెలలో తెచ్చుకోవడం మంచిది?

చాలామంది వేసవి సెలవుల్లో తెస్తారు, పిల్లలు ఇంట్లో ఉంటారు గదా అని. రెండు నెలలు ఇల్లంతా సందడి, చేతుల మీదే పెంపకం. జూన్‌లో బడులు తెరిచిన మొదటి సోమవారం ఉదయం తొమ్మిదికి ఇల్లు ఒక్కసారిగా నిశ్శబ్దమవుతుంది, నాలుగు నెలల పిల్ల తలుపు గోకుతూ ఏడుస్తుంది. అదే అక్టోబరు, నవంబరుల్లో తెస్తే మొదటి రోజునుంచే ఇంటి అసలు దినచర్య దానికి తెలుస్తుంది, చలికాలపు ఎండలో నడిపించవచ్చు, టీకాలు పూర్తయ్యాక ఆ సీజన్ చివరి షోలకు ఊరికే తీసుకెళ్లి రింగు బయట కూర్చోబెట్టవచ్చు. మైకు అరుపులు, కొత్త కుక్కల వాసనలు, చప్పట్లు దానికి అప్పుడే అలవాటైతే, మరుసటి ఏడు రింగులోకి అడుగుపెట్టేటప్పుడు మీ చెయ్యి వణికినా దాని తోక ఆడుతూనే ఉంటుంది.